మాటల మూట: కృషి ఎవరిది, చాకిరీ ఎవరిది?

కిందటి సంచికలో మాటవరసకి ‘రెక్కల కష్టం’ అని ఒక్కచోట రాశాను. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెబుతున్నాను. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పత్రికల్లో ప్రూఫులు దిద్దినవాణ్ణి. మాటల్ని చదివి కాకుండా వాటితో తగువులు పడి నేర్చుకున్నాను.

ప్రశ్న: మా ఊరి హైస్కూలు గోడ మీద ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అని నీలం రంగుతో రాసి ఉంటుంది. ‘కృషితో’ తెలుగు, మిగతాది సంస్కృతం. ఇలా సగం సగం కలిపి రాయవచ్చా అని మా మేనల్లుడు అడిగాడు. నాకు జవాబు తోచలేదు.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ మేనల్లుడు గట్టివాడు. ఆ గోడ పక్కనుంచి ఎన్ని వందలమంది నడిచి వెళ్ళారో గానీ, ఆ ‘తో’ దగ్గర ఆగింది అతనొక్కడే అయ్యుంటాడు.

అది తెలుగు ‘తో’ కాదు. ‘కత్తితో కోశాడు’లో ఉన్నదానికీ దీనికీ చుట్టరికమే లేదు. సంస్కృతంలో ‘కృషితః’ అంటే కృషి వల్ల, కృషి నుంచి అని. దాని వెనక ‘నాస్తి’ వచ్చేసరికి విసర్గ పోయి ఓకారం వచ్చింది. తపః, వనం కలిస్తే తపోవనం అయినట్టే. సుప్రీంకోర్టు చిహ్నంలో ‘యతో ధర్మస్తతో జయః’ అని చదువుతాం కదా, అక్కడున్న రెండు ‘తో’లూ ఈ బాపతువే. వాటిని తెలుగని ఎవరూ అనుకోరు. ‘కృషి’ మనకి బాగా తెలిసిన మాట కాబట్టి ఇక్కడ పప్పులో కాలేస్తాం. కాబట్టి గోడ మీది వాక్యం నూటికి నూరుపాళ్ళూ సంస్కృతమే. కల్తీ ఏమీ లేదు.

అసలు తిరకాసు ‘తో’లో కాదు, ‘కృషి’లో ఉంది. సంస్కృతంలో కృష్ అనే ధాతువుకి లాగడం, దున్నడం అని అర్థాలు. ఆకర్షణలో లాగడం ఉంది, కర్షకుడిలో దున్నడం ఉంది. కృషి అంటే అక్కడ అచ్చంగా సేద్యమే. దుర్భిక్షం అంటే భిక్ష పుట్టని కాలం, అడుక్కున్నా దొరకని రోజులు. మొత్తం కలిపితే ‘సేద్యం ఉన్నచోట కరువు ఉండదు’ అని. మీ హైస్కూలు గోడ మీద రాయించినవారు కష్టపడి చదువుకోండర్రా అనే ఉద్దేశంతో రాయించారు. శ్లోకం మాత్రం పిల్లల్ని నాగలి పట్టమంటోంది!

ఈ శ్లోకమే ఇంకో రూపంలో ‘ఉద్యోగే నాస్తి దారిద్ర్యం’ అని మొదలవుతుంది. ఇది వింటే మనవాళ్ళకి ఏమనిపిస్తుందో చెప్పక్కర్లేదు. గవర్నమెంటు ఉద్యోగం ఉంటే దరిద్రం ఉండదు అని! సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. జీతం, ఇంక్రిమెంటు, పెన్షనూ మనం తగిలించినవి.

ఇంకొక చిత్రం చూడండి. ‘వ్యవసాయం’ కూడా సంస్కృతం నుంచి వచ్చిందే. అక్కడ దానికి నిశ్చయం, పట్టుదల, గట్టి ప్రయత్నం అని అర్థాలు. పొలంతో దానికి పనేమీ లేదు. అంటే ప్రయత్నానికి ఉన్న మాటని మనం పొలానికి పంపాం, పొలంలో ఉన్న మాటని ప్రయత్నానికి తెచ్చుకున్నాం. ఇద్దరు అద్దెవాళ్ళు ఒకరి వాటాలోకి ఒకరు మారినట్టు మారిపోయాయి రెండూ. పల్లెటూళ్ళో పట్టుదలగా చేసే పని అంటే పొలంపనే కాబట్టి మొదటిది జరిగి ఉంటుందని నాకు తోస్తుంది. తమిళంలోనూ కన్నడంలోనూ కూడా వ్యవసాయం పొలానికే వెళ్ళింది. హిందీలో అది వ్యాపారం, వృత్తి వైపు నడిచింది. కృషి మాత్రం హిందీలో పొలంలోనే ఉండిపోయింది. అందుకే ఢిల్లీలో వ్యవసాయ శాఖ దశాబ్దాల పాటు ఉన్న భవనం పేరు కృషి భవన్. మన జిల్లాల్లో కనిపించే కృషి విజ్ఞాన కేంద్రాల పేరూ అక్కణ్ణుంచి దిగిందే. ఆ పేరుతో మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో పెట్టారు. తెలుగులో పుట్టిన పేరైతే వ్యవసాయ విజ్ఞాన కేంద్రం అయ్యేది. బస్సులో నా పక్కన కూర్చున్న ఒకాయన ఆ బోర్డు చూసి, “వీళ్ళు దేని కోసం కృషి చేస్తున్నారో చెప్పనే లేదే” అన్నాడు. ఆయన తెలుగు ఆయనది, తప్పు పట్టడానికి లేదు.

నంద్యాల వారికి ఒక మాట అదనంగా. మీ వైపు పెద్దవాళ్ళు ధాత కరువు గురించి వినే ఉంటారు. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ కరువులో రాయలసీమ రైతుకి నాగలీ ఉంది, ఒళ్ళు వంచే గుణమూ ఉంది. వానే లేదు. శ్లోకం రాసినాయన వానని ముందే లెక్కలో వేసుకుని రాసినట్టున్నాడు.

ప్రశ్న: భగవద్గీతలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అని శ్రీకృష్ణుడే అన్నాడని, ఇది రైతుకి దక్కిన గౌరవమని మా సంఘం సభలో ఒక వక్త చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చప్పట్లు వెనక్కి తీసుకోనక్కర్లేదు, రైతుకి ఎప్పుడు కొట్టినా చెల్లుతాయి. అది రెండో అధ్యాయం 41వ శ్లోకం. చెదరని నిశ్చయం గల బుద్ధి ఒక్కటిగా ఉంటుంది, నిశ్చయం లేనివాళ్ళ బుద్ధులు కొమ్మలు కొమ్మలుగా చీలిపోతాయి అని తాత్పర్యం. సేద్యం ప్రసక్తి లేదు.

మీ వక్తని నేను నవ్వలేను. ఎందుకో చెబుతాను. 1980ల మొదట్లో నేను పనిచేసిన పత్రికలో వారానికోసారి భక్తి పేజీ వచ్చేది. ఒక సంస్కృత పండితుడుగారు ఈ శ్లోకం మీదే వ్యాసం పంపారు. శీర్షిక ‘వ్యవసాయాత్మిక బుద్ధి’. పేజీ కట్టే కుర్రాడు శీర్షిక చూశాడు, పక్కన కాలమ్ ఖాళీ ఉంది, బ్లాకుల పెట్టె వెతికి కాడెద్దులతో దున్నుతున్న రైతు బొమ్మ తెచ్చి అతికించాడు. బొమ్మ బాగుంది కూడా. రాత్రి పదకొండు గంటలకి పేజీ ప్రూఫు నా ముందుకొచ్చింది. కాపీ నాకు పైకి చదివి వినిపించేవాడు గొంతు పోయి మూలుగుతున్నాడు. నేను దీర్ఘాలు చూశాను, ఒత్తులు చూశాను, బొమ్మ కింద ఇంటూ మార్కు పెట్టాలని మాత్రం తట్టలేదు. నా సంతకంతోనే అచ్చుకెళ్ళింది.

నాలుగోనాడు పండితుడుగారి కార్డు వచ్చింది. అందులో రెండే ముక్కలు: “పార్థసారథి ఎద్దులను కూడా తోలెనని తమరి పత్రిక వలన తెలిసికొంటిని. అర్జునునకు ఎన్ని ఎకరములు వచ్చెనో తెలుపగలరు.” ఆ కార్డు చాలాకాలం మా గదిలో గోడకి గుచ్చి ఉండేది. గుచ్చింది ఎడిటర్‌గారే.

ప్రశ్న: మా పాప మహాభారతం బొమ్మల పుస్తకం చదువుతూ, “ఉద్యోగ పర్వంలో పాండవులకి ఉద్యోగాలు వచ్చాయా?” అని అడిగింది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అజ్ఞాతవాసంలో చేసినవే ఉద్యోగాలు తల్లీ. భీముడు వంటవాడు, నకులుడు గుర్రాల దగ్గర. అది విరాట పర్వంలో అయిపోయింది. ఉద్యోగ పర్వంలో ఉద్యోగమంటే యుద్ధానికి సన్నాహం, సంధికి ప్రయత్నం. పై జవాబులో చెప్పిన ‘పూనిక’ అర్థమే.

ప్రశ్న: మా అమ్మాయి ఒక స్వచ్ఛంద సంస్థకి తెలుగులో దరఖాస్తు రాస్తూ ‘హార్డ్ వర్కర్’ అనే చోట ‘నేను కష్టజీవిని’ అని రాసింది. నాకు ఎబ్బెట్టుగా ఉంది. ఎందుకో చెప్పలేకపోతున్నాను.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ చెవి సరైనదే. కష్టజీవి అంటే కష్టాన్ని అమ్ముకుని బతికే మనిషి. అది గుణం కాదు, బతుకుతెరువు. ఒకరు ఇంకొకరిని గురించి, అదీ కాస్త గౌరవంతోనో జాలితోనో అనే మాట. ఉపన్యాసాల్లో బాగా నలిగింది. దరఖాస్తులో తన గురించి తానే రాసుకుంటే, పాపం ఈ అమ్మాయికి ఏమైందో అనిపిస్తుంది.

కష్టం అనే మాటతోనే ఈ పేచీ ఉంది. సంస్కృత నాటకాల్లో పాత్రలు ‘హా కష్టమ్’ అంటే అయ్యో అని. అక్కడ దానికి బాధ, కీడు, దుర్ఘటం అనేవే అర్థాలు. ఒళ్ళు వంచి చేసే పని అనే అర్థం అక్కడ లేదు. మనం చేర్చుకున్నాం, మరాఠీవాళ్ళు చేర్చుకున్నారు. వాళ్ళు శ్రామికుణ్ణి కష్టకరి అంటారు. మనకి ఇప్పుడు ఒకే మాటలో మూడు ఉన్నాయి. ‘కష్టంలో ఉన్నాడు’ అంటే ఆపద. ‘కష్టంగా ఉంది’ అంటే కొరుకుడు పడటం లేదు. ‘కష్టం చేసుకుని బతుకుతున్నాడు’ అంటే పని. పనికీ ఆపదకీ ఒకే పేరు పెట్టుకున్న జాతి మనది. దానికి కారణం పని చేసినవాళ్ళని అడగాలి గానీ నిఘంటువుని కాదు.

అయితే ఇదే మాట డబ్బు పక్కకి చేరేసరికి ఎంత నిటారుగా నిలబడుతుందో చూడండి. ‘ఇది నా కష్టార్జితం’ అన్నప్పుడు ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే. మీ వైపు కైకిలి, అంటే కూలికి, పోయి వచ్చిన ఆడమనిషి సాయంత్రం కొంగున కట్టుకున్న నోట్లని ‘నా కష్టం పైసలు’ అంటుంది. ఆ ‘నా’లో ఉన్న బలం దరఖాస్తులకి రాదు.

మీ అమ్మాయిని ‘కష్టపడి పనిచేస్తాను’ అని రాయమనండి. ఇంకా మంచిది, అదీ కొట్టేసి, చేసిన పని ఒకటి రాయమనండి. వరదప్పుడు ఎన్ని రోజులు ఎక్కడ పనిచేసిందో, ఎంతమంది పిల్లలకి చదువు చెప్పిందో. అలాంటిది ఉంటే కదా అంటారేమో. లేకపోతే ‘కష్టపడి పనిచేస్తాను’తో సరిపెట్టుకోవాలి.

ప్రశ్న: మా నాన్న తాపీ మేస్త్రీ. ఆయన అరచేతులు కాయలు కాసి ఉంటాయి. చేతులకి కాయలు కాసేంత కష్టం కాబట్టి ‘కాయకష్టం’ అన్నారని నేను చిన్నప్పట్నుంచీ అనుకుంటున్నాను. కాదని నా స్నేహితుడు పందెం కాశాడు.
– పాఠకుడు, విజయనగరం

జవాబు: పందెం మీరు ఓడిపోయారు. కాయకష్టంలో ఉన్నది కాయం, అంటే శరీరం. ఒంటితో చేసే కష్టం కాయకష్టం. పన్నెండో శతాబ్దపు కన్నడ శరణులు (శివభక్తులు) ‘కాయకవే కైలాస’ అన్నప్పుడు, చేసే పనే కైలాసం అన్నప్పుడు, అందులోనూ ఉన్నది ఈ కాయమే. అరచేతిలో కాసే కాయ వేరు. అది చెట్టుకి కాసే కాయ, అచ్చ తెలుగుది.

కానీ ఓడిపోయినందుకు బాధపడకండి, మీ అర్థమే నాకెక్కువ నచ్చింది. మా ప్రెస్సులో ఒక కంపోజిటర్ ఉండేవాడు. కంపోజింగ్ స్టిక్కు ఎడం చేతిలో పట్టుకుని, కుడిచేత్తో కేసులోంచి ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి పేర్చేవాడు. పేర్చిన అక్షరం జారిపోకుండా ఎడం చేతి బొటనవేలితో అదిమి పట్టాలి. రోజంతా అదే పని, ఏళ్ళ తరబడి. ఆ బొటనవేలి మీద శనగగింజంత కాయ ఉండేది, సీసం మసి పట్టి నల్లగా. ఇంగ్లీషు కంపోజిటర్ కంటే తెలుగు కంపోజిటర్‌కి పని ఎక్కువ. గుణింతాలు, ఒత్తులు, అన్నిటికీ వేరు వేరు అచ్చులు కదా. ‘కష్టం’ అని కంపోజ్ చెయ్యాలన్నా ‘ష’ కింద ‘ట’ వత్తు వెతకాలి. నేను ప్రూఫులో ఒక వత్తు తప్పు పట్టానంటే, ఆయన చిమటాతో ఆ లైను విప్పి, అచ్చు తీసి, వేరేది పెట్టి, మళ్ళీ బిగించాలి. నా ఎర్రసిరా గీత అరక్షణం, ఆయనకి ఐదు నిమిషాలు. నేను తప్పు పట్టినప్పుడల్లా ఆయన ఏమీ అనకుండా ఆ బొటనవేలిని చొక్కాకి తుడుచుకునేవాడు. ఆఫ్‌సెట్ వచ్చాక ఆయన మానేశాడు. చాలా రోజుల తర్వాత బజారులో కనిపిస్తే నా కళ్ళు ముందు ఆ వేలి మీదికే పోయాయి. కాయ ఇంకా ఉంది.

ప్రశ్న: ‘పనీపాటా లేనివాడు’ అంటాం. పని సరే, పాట ఎందుకు? కూలీలు పాడుకుంటూ పనిచేసేవాళ్ళు కాబట్టా?
– పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నాట్లేసేవాళ్ళు పాడతారు, దంపేవాళ్ళు పాడేవారు, నిజమే. ఊహ ముచ్చటగా ఉంది. కానీ నేను ‘పాటు’ వైపే ఓటు వేస్తాను. చెడు నుంచి చేటు వచ్చినట్టు, పడు నుంచి పాటు వచ్చింది. ఏర్పడితే ఏర్పాటు, అలవడితే అలవాటు, తడబడితే తడబాటు, పొరపడితే పొరపాటు. ఒట్టి ‘పాటు’ అంటే పడటం, శ్రమపడటం. పాటుపడ్డాడు అంటాం. బహువచనం చేస్తే మాత్రం దాని మొహం మారిపోతుంది. ‘నానా పాట్లు’, ‘పడరాని పాట్లు’. ఒక్క పాటు గౌరవం, రెండు పాట్లు అవస్థ! తమిళంలో కష్టించేవాణ్ణి పాట్టాళి అంటారు, అక్కడా ఇదే కుదురు. పనిపాట్లు నోట్లో నలిగి పనీపాటా అయ్యిందనుకుంటే పాటకి అన్యాయం జరిగినట్టేమీ కాదు.

ఇదే వరసలో ‘చెమటోడ్చి’ కూడా చూడండి. ఓడటం అంటే కారడం కూడా. ఓటికుండ అంటే కారే కుండ. ఓడ్చడం అంటే కారేలా చేయడం. చెమటోడ్చే మనిషి ఒళ్ళంతా ఓటికుండే. ఇది అడగలేదు మీరు, చేతికొచ్చింది కాబట్టి రాశాను.

ప్రశ్న: మావారు చుట్టాల ముందు ‘ఇంటెడు చాకిరీ మా ఆవిడే చేస్తుంది’ అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు, నాకు తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. చాకిరీ అవమానకరమైన మాటా, లేక నేనే పెడర్థం తీశానా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం నాలుగు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను.

మాట పుట్టుక ముందు. పారసీలో చాకర్ అంటే సేవకుడు, అతని పని చాకరీ. బెంగాలీలో ఇవాళ్టికీ చాకరి అంటే మర్యాదైన ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో గర్వంగా చెప్పుకునేది. నౌకరీ కూడా మనకి పారసీ దారినే వచ్చింది, తెలంగాణలో దానికి మంచి గౌరవమే దక్కింది. చాకిరీకి మాత్రం తెలుగులో ఆ యోగం పట్టలేదు. దాని పక్కన చేరిన మాటలు అలాంటివి. గొడ్డు చాకిరీ, అడ్డమైన చాకిరీ, అన్నిటికీ పైన వెట్టి చాకిరీ. వెట్టి అనేది సంస్కృతం ‘విష్టి’ నుంచి వచ్చింది, కూలి ఇవ్వకుండా బలవంతాన చేయించుకునే పని. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే విష్టి ప్రస్తావన ఉంది. 1946 నుంచి 51 దాకా తెలంగాణలో జరిగిన సాయుధ పోరాటానికి ఉన్న పెద్ద కారణాల్లో దొరల వెట్టి ఒకటి. రాజ్యాంగం 23వ అధికరణంలో దాన్ని ‘బేగార్’ అనే పేరుతో నిషేధించారు, 1976లో వెట్టి రద్దుకి ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఇంత చరిత్ర మోస్తున్న మాటని మీవారు పకోడీల పళ్ళెంతో పాటు చుట్టాల మధ్యకి తెచ్చారు. మీకు చివుక్కుమనడంలో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు నా చిన్న పరీక్ష. నిఘంటువుల్లో ఉండదు, ప్రూఫులు దిద్దీ దిద్దీ పట్టుకున్నాను. ఈ మాటల పక్కన ఏం వచ్చి చేరుతుందో చూడండి. కృషి ఎప్పుడూ ఒక పెద్ద విషయానికి జరుగుతుంది. భాషాభివృద్ధికి కృషి, సంఘం అభ్యున్నతికి కృషి. కష్టం పక్కన ‘నా’ వస్తుంది. నా కష్టం, మా అయ్య కష్టం. చాకిరీ ఒక మనిషికి జరుగుతుంది. అత్తగారికి చాకిరీ, దొరకి చాకిరీ, ఊళ్ళోవాళ్ళందరికీ చాకిరీ. కృషికి సన్మానం ఉంటుంది, కష్టానికి కూలి ఉంటుంది, చాకిరీకి మర్నాడు మళ్ళీ చాకిరీ ఉంటుంది. ఒకే మనిషి ఒకే వంట వండినా, పెళ్ళిలో వండితే పని, హోటల్లో వండితే ఉద్యోగం, టీవీలో వండితే పాకశాస్త్రానికి కృషి. ఇంట్లో వండితే ఈ నాలుగో మాట.

చాకిరీకి ఇంకో గుణం ఉంది. చేసేవాళ్ళు అంటే అది ఫిర్యాదు. ‘ఈ చాకిరీ నావల్ల కాదు’ అనే హక్కు మీకుంది. చేయించుకునేవాళ్ళు అంటే అది ఫిర్యాదు కాదు, మెచ్చుకోలూ కాదు, ఒప్పుకోలు. మీవారు తనకి తెలియకుండానే నలుగురి ముందూ నేరం ఒప్పుకున్నారు! కాబట్టి మీరు పెడర్థం తీయలేదు, ఉన్న అర్థమే తీశారు. ఆయన్ని మాట మార్చుకోమని పోట్లాడకండి. ఆ మాట నిజమే కాబట్టి అలాగే ఉంచి, దాని కింద ఉన్న పనిలో ఏది తను చేస్తారో అడగండి.

ఈ జవాబు రాస్తున్నంతసేపూ మా వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెట్టింది నేను కాదు. అందుకే నాలుగు రోజులు పట్టింది.

ప్రశ్న: ‘ఆశ్రమం’లో ‘శ్రమ’ ఉంది. ప్రశాంతంగా ఉండే చోటుకి ఆ పేరేమిటి?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: తపస్సు కూడా శ్రమే కదా. ఆశ్రమం ఆ శ్రమ జరిగే చోటు. బౌద్ధ జైన సన్యాసుల్ని శ్రమణులన్నది కూడా అందుకే. విశ్రాంతిలోనూ ఉన్నది శ్రమే, ముందున్న ‘వి’ దాన్ని దించింది. పరిశ్రమ కూడా ఆ ఇంటిదే. హిందీవాళ్ళకి అది ఇప్పటికీ ఒళ్ళు వంచడం, మనకి మాత్రం పొగగొట్టమూ షిఫ్టు సైరనూ.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో ఆయమ్మ ఈ నెలాఖరుకి మానేస్తున్నారు. 1993లో చేరారు. సన్మాన పత్రంలో ‘విద్యారంగానికి విశేష కృషి చేసిన’ అని రాద్దామని కొందరు టీచర్లు, ‘అమూల్యమైన సేవలందించిన’ అని కొందరు. ఆమెకి చదవడం రాదు. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి తాళాలు తీయడం, గంట కొట్టడం, వానాకాలం మూడో తరగతి గది కారితే బకెట్లు పెట్టడం, ఒంట్లో బాగోని పిల్లల్ని ఇంటిదాకా దిగబెట్టడం, అన్నీ ఆవిడే. ఏ మాట వాడమంటారు?
– ప్రధానోపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. ‘విశేష కృషి’ని నేను వేలసార్లు దిద్దాను, అందులో ఎప్పుడూ మనిషి కనపడలేదు. కార్పొరేటర్‌కీ అదే, కవిగారికీ అదే. ‘అమూల్యమైన’ అన్నది ఇంకా ఇబ్బంది. ఆవిడకి నెలకి ఎంత ఇచ్చారో మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మీకు కావలసింది ఉత్తరంలో మీరే రాసేశారు. పేరు మీరు పెట్టుకోండి, మిగతాది ఇలా ఉంటే చాలు:

‘1993 నుంచి ఈ బడి తాళం రోజూ మీ చేత్తోనే తెరుచుకుంది. మీరు గంట కొడితేనే మేము పాఠం మొదలుపెట్టాం, మీరు గంట కొడితేనే పిల్లలు ఇళ్ళకి పరుగెత్తారు. మూడో తరగతి గదిలో వాన కారితే బకెట్లు పెట్టి పుస్తకాలు తడవకుండా చూశారు. జ్వరం వచ్చిన పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకెళ్ళారు. ఈ పని అంతా మీరు చేశారని మేము చూశాం.’

ఇందులో కృషి, సేవ, శ్రమ, కష్టం, ఒక్క మాటా లేదు. చదవడం రాని మనిషికి కాబట్టి చెవికి పట్టేలా రాశాను. ఎవరు చదివినా మెల్లగా చదవాలి. మైకు చిన్న పిల్లాడికి ఇవ్వండి, మూడో తరగతివాడైతే మరీ మంచిది. పత్రం మీద పూలతీగల బోర్డరు, గుడిగోపురం బొమ్మ వేయించకండి. బొమ్మల విషయంలో నాకు పాత అనుభవం ఉంది.

శాలువా సంగతి మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను. ఈ ఎండల్లో శాలువా ఎందుకండీ, మంచి నూలు చీర పెట్టండి. ఆ పాత గంట కొయ్య ఇంకా ఉంటే అది కూడా ఆవిడకే ఇచ్చెయ్యండి, స్టాకు రిజిస్టర్‌లో ఎలా రాయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.